ప్రకృతి పరిశోధకుడు – ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్

పాఠ్యభాగ పరిచయం

ఒక జీవి మరొక జీవి రూపాన్ని పోలి ఉండి శత్రువుల బారినుండి తప్పించుకోవడాన్ని జీవశాస్త్రంలో అనుకరణ అంటారు. తోకరెక్కల సీతాకోకచిలుకలలో ఈ అనుకరణను నిశితంగా పరిశీలించి, దాని వెనుక గల ప్రకృతి నియమాన్ని వివరించిన మహనీయుడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. పేదరికం, విద్యాలేమి, ఆప్తుల మరణం, సర్వస్వ నష్టం ఇవేవీ ఆయన జ్ఞానతృష్ణను చల్లార్చలేకపోయాయి. ఆయన జీవితాన్నీ, ఆయన విప్పిన రహస్యం మన పొలాల గట్లమీద నేటికీ కనిపించే తీరునూ ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠం

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలు పత్తికీ, మిరపకూ పెట్టింది పేరు. ఆ పొలాలలో పనిచేసే రైతుకు పురుగు అంటే శత్రువే. పత్తికాయను తొలిచే గులాబిరంగు పురుగు, కాయలోకి తల దూర్చి తినే శనగపచ్చ పురుగు, రాత్రివేళ ఆకులను జల్లెడ చేసే పొగాకు లద్దెపురుగు అతని కష్టార్జితాన్ని హరిస్తాయి. ఇవన్నీ పెరిగి పెద్దవై రెక్కలు తొడుక్కొని శలభాలుగా మారతాయి. వాటి రాకను ముందుగా పసిగట్టడానికే రైతులు పొలంలో లింగాకర్షక బుట్టలను కడతారు. దీపం చుట్టూ తిరిగే మట్టిరంగు శలభం రైతు దృష్టిలో రాబోయే నష్టానికి సూచన.

అదే పొలం గట్టుమీద గాడిదగడప అనే చేదుమొక్క నేలబారుగా పాకి ఉంటుంది. పశువులు దానిని ముట్టవు. కలుపు తీసేవారు దానిని పీకి పారవేస్తారు. కాని నల్లని రెక్కలమీద తెల్లని పట్టీలు, వెనుక రెక్కల అంచున ఎర్రని చుక్కలు, రక్తవర్ణపు దేహం గల ఒక అందమైన సీతాకోకచిలుక ఆ మొక్కనే వెదకి దానిమీద గుడ్లు పెడుతుంది. దానిని క్రిమ్సన్ రోజ్ అంటారు. దాని దగ్గరి బంధువైన కామన్ రోజ్ కూడా ఆ మొక్క మీదనే పెరుగుతుంది. ఆ ఆకులలోని విషపదార్థాన్ని గొంగళిపురుగు తన శరీరంలో దాచుకొంటుంది. రెక్కలు వచ్చిన తరువాత కూడా ఆ విషం పోదు. అందువల్ల ఒకసారి దానిని రుచిచూసిన పక్షి మరల దాని జోలికి పోదు.

ఇంటి పెరటిలోని కరివేపాకు చెట్టుమీదనో, నిమ్మచెట్టుమీదనో పెరిగే సీతాకోకచిలుక వేరొకటి ఉంది. దానిని కామన్ మార్మన్ అంటారు. దాని శరీరంలో అటువంటి విషం లేదు. మగది నల్లగా ఉండి, వెనుక రెక్కలమీద తెల్లని మచ్చల వరుసతో కనిపిస్తుంది. ఆడవానిలో కొన్ని మగదానివలెనే ఉంటాయి. కొన్ని కామన్ రోజ్‌ను పోలి ఉంటాయి. మరికొన్ని క్రిమ్సన్ రోజ్‌ను పోలి ఉంటాయి. ఒకే తల్లి సంతానంలో ఇన్ని వేషాలు ఎందుకున్నాయి? విషంలేని జీవికి విషజీవి రూపం ఎలా వచ్చింది? ఆడవానికి మాత్రమే ఈ వేషం ఎందుకు? ఈ ప్రశ్నలకు తర్కబద్ధమైన సమాధానాన్ని వెదకినవాడు వాలెస్.

ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1823 జనవరి 8న వేల్స్ ప్రాంతంలోని అస్క్ పట్టణ సమీపాన జన్మించాడు. తండ్రి థామస్ వాలెస్, తల్లి మేరీ ఆన్. వారి తొమ్మిదిమంది సంతానంలో ఆల్ఫ్రెడ్ ఎనిమిదవవాడు. తండ్రి న్యాయశాస్త్రం చదివినా ఆ వృత్తిని చేపట్టలేదు. ఉన్న ఆస్తి కొద్దికొద్దిగా కరిగిపోయింది. ఆల్ఫ్రెడ్‌కు సుమారు అయిదేళ్ల వయస్సులో కుటుంబం హెర్ట్‌ఫర్డ్ పట్టణానికి తరలివెళ్లింది. అక్కడి పాఠశాలలో అతని చదువు సాగింది. కాని పదునాలుగేళ్ల ప్రాయంలోనే ఆర్థిక దుస్థితివల్ల ఆ చదువు ఆగిపోయింది. విశ్వవిద్యాలయపు గడప తొక్కే అవకాశం ఆయనకు ఎన్నడూ కలుగలేదు.

1837లో ఆయన అన్న విలియం వద్ద భూముల కొలత పని నేర్చుకోవడం ప్రారంభించాడు. గొలుసు పట్టుకొని కొండలూ లోయలూ తిరుగుతున్న రోజులలో చుట్టూ ఉన్న మొక్కల పేర్లు తెలుసుకోవాలనే కోరిక కలిగింది. చవకగా దొరికిన వృక్షశాస్త్ర గ్రంథమొకటి కొని, సెలవు దినాలలో మొక్కలను సేకరించి, ఎండబెట్టి, భద్రపరచసాగాడు. పల్లెలలోని ఉమ్మడి భూములకు కంచెలు పడి, పేదలు పశువులను మేపుకొనే హక్కును కోల్పోవడం కూడా ఆయన ఆ కాలంలోనే చూశాడు. ఆ దృశ్యం ఆయన మనస్సులో చెరగని ముద్ర వేసింది. తదనంతర జీవితంలో భూమి సమాజానికి చెందాలని వాదించడానికి బీజం అక్కడే పడింది.

కొలతల పని తగ్గిపోవడంతో 1844లో లెస్టర్ పట్టణంలోని ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. ఆ పట్టణపు గ్రంథాలయంలో మాల్థస్ రచించిన జనాభా గ్రంథాన్ని చదివాడు. అక్కడనే హెన్రీ వాల్టర్ బేట్స్ అనే యువకునితో పరిచయమైంది. బేట్స్‌కు పెంకుపురుగుల సేకరణమీద మక్కువ ఎక్కువ. ఒక చిన్న ఊరి చుట్టుపక్కల వందలకొలది జాతుల పెంకుపురుగులు ఉన్నాయని తెలిసి వాలెస్ విస్మయం చెందాడు. ఇన్ని జాతులు ఎలా పుట్టాయి అన్న ప్రశ్న ఆ ఇద్దరు మిత్రులను వెంటాడింది. ఇంతలో 1845లో విలియం మరణించాడు. కుటుంబ భారం వాలెస్ మీద పడింది. అయినా ఆ ప్రశ్న ఆయనను విడువలేదు.

1848 ఏప్రిల్‌లో మిత్రులిద్దరూ లివర్‌పూల్ రేవునుండి బ్రెజిల్ దేశానికి బయలుదేరారు. వారి వెనుక ధనవంతుల అండ లేదు. సేకరించిన పక్షులనూ, కీటకాలనూ లండన్‌లోని శామ్యూల్ స్టీవెన్స్ అనే ప్రతినిధికి పంపితే, ఆయన వాటిని అమ్మి సొమ్ము పంపేవాడు. ఆ సొమ్మే వారి ప్రయాణానికి ఆధారం. కొంతకాలానికి మిత్రులు విడిపోయి వేర్వేరు దారులలో సాగారు. వాలెస్ రియో నీగ్రో నది వెంట సుదూరం వెళ్లి, అంతకుముందు యూరోపియనులు అంతగా ఎరుగని ప్రాంతాలను చూశాడు. ఆయనకు తోడుగా వచ్చిన తమ్ముడు హెర్బర్ట్ 1851లో పారా నగరంలో పచ్చజ్వరంతో కన్నుమూశాడు. ఆ సమయంలో వాలెస్ నది ఎగువ ప్రాంతంలో ఉన్నందున తమ్ముని కడసారి చూడలేకపోయాడు.

నాలుగు సంవత్సరాల శ్రమ తరువాత 1852 జులై 12న వాలెస్ హెలెన్ అనే ఓడలో స్వదేశానికి బయలుదేరాడు. తనకోసం ప్రత్యేకంగా దాచుకొన్న వందలాది అరుదైన నమూనాలు, దినచర్య పుస్తకాలు, చిత్రాలు ఆయన వెంట ఉన్నాయి. ఆగస్టు 6న నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకొంది. ఆయన పొగ నిండిన గదిలోకి వెళ్లి, చేతికందిన చేపల, తాళవృక్షాల చిత్రాలను మాత్రమే తీసుకోగలిగాడు. కళ్లెదుటనే సమస్తమూ బూడిద అయింది. కారుతున్న చిన్న పడవలో పది రోజులు ఎండకు మాడుతూ, నీరు తోడిపోస్తూ గడిపిన పిమ్మట జోర్డెసన్ అనే ఓడ వారిని రక్షించింది. ఆ ఓడలో ఆహారం చాలక, తుపానులు వెంటాడి, చివరకు అక్టోబరు 1న వారు ఇంగ్లండు తీరం చేరారు. దూరదృష్టి గల స్టీవెన్స్ ఆ సరుకుకు 200 పౌండ్ల బీమా చేయించి ఉండడంవల్ల వాలెస్ పస్తులుండే దుర్గతి తప్పింది.

మరొకరైతే ఇంతటితో ప్రయాణాలకు స్వస్తి చెప్పేవారు. వాలెస్ మాత్రం మిగిలిన చిత్రాలతోను, జ్ఞాపకశక్తితోను మరుసటి సంవత్సరమే అమెజాన్ తాళవృక్షాలమీద ఒకటి, తన యాత్రమీద ఒకటి రెండు గ్రంథాలు ప్రచురించాడు. 1854 ఏప్రిల్‌లో సింగపూర్‌లో కాలుమోపాడు. అక్కడినుండి ఎనిమిదేళ్లపాటు మలయ ద్వీపసమూహంలో సంచరించాడు. పడవలమీద, కాలినడకన సుమారు 14,000 మైళ్లు తిరిగాడు. బోర్నియో, సెలెబిస్, మొలక్కా దీవులు, న్యూగినీ ఆయన కార్యక్షేత్రాలయ్యాయి. అలీ అనే మలయ యువకుడు ఆయనకు సహాయకుడుగా, వంటవాడుగా, పక్షులను పట్టడంలో నిపుణుడుగా, రోగపు వేళ ఆత్మీయుడుగా తోడున్నాడు. ఆ ఎనిమిదేళ్లలో వాలెస్ సేకరణ 1,25,660 నమూనాలకు చేరింది. వాటిలో 83,200 పెంకుపురుగులు, 13,100 సీతాకోకచిలుకలు, శలభాలు, 8,050 పక్షులు ఉన్నాయి.

ఆయన దృష్టి కేవలం సంఖ్యమీద లేదు. ప్రతి నమూనాకూ అది దొరికిన చోటును తప్పక నమోదు చేసేవాడు. ఆ కాలపు సేకర్తలలో పలువురు దీనిని అంతగా పట్టించుకొనేవారు కాదు. ఈ అలవాటువల్లనే గొప్ప సత్యమొకటి ఆయనకు గోచరించింది. బాలి, లంబోక్ ద్వీపాల మధ్య ఉన్నది సుమారు 35 కిలోమీటర్ల జలసంధి మాత్రమే. అయినా బాలిలోని పక్షులు ఆసియా ఖండానికి చెందినవి. లంబోక్‌లో ఆస్ట్రేలియా సంబంధమైన పక్షులు ఎదురవుతాయి. ఆ రెంటి మధ్యగా గీయదగిన సరిహద్దుకే తరువాతి శాస్త్రజ్ఞులు వాలెస్ రేఖ అని పేరు పెట్టారు.

సారవాక్‌లో ఉండగా 1855లో ఆయన ఒక వ్యాసం రాశాడు. ప్రతి కొత్త జాతీ తనకు సన్నిహితమైన పూర్వజాతి ఉన్న ప్రదేశంలోనే, దాని తరువాతి కాలంలోనే ఆవిర్భవిస్తుందని అందులో ప్రతిపాదించాడు. లండన్‌లో దానికి పెద్దగా స్పందన రాలేదు. కాని కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ వస్తుప్రదర్శనశాలలో పనిచేస్తున్న ఎడ్వర్డ్ బ్లైత్ దాని విలువను గుర్తించి, చార్లెస్ డార్విన్‌కు లేఖ రాశాడు. ఆ రోజులలో డార్విన్ ప్రపంచపు నలుమూలల నుండి పెంపుడు పావురాల చర్మాలు తెప్పించుకొంటున్నాడు. భారతదేశం నుండి వాటిని పంపినవారిలో ముఖ్యుడు వాల్టర్ ఎలియట్. ఆయన గుంటూరులో 1845 మొదలు ఉన్నతాధికారిగా ఉండి, అమరావతి శిల్పాలను తవ్వించినవాడు. తెలుగునాట మొక్కలకు ప్రజలు వాడే పేర్లను సేకరించి ఫ్లోరా ఆంధ్రికా అనే గ్రంథాన్ని 1859లో వెలువరించినవాడు. జీవపరిణామ చర్చకు కావలసిన సామగ్రిలో మన ప్రాంతంతో సంబంధం గల ఒకరి చేయి కూడా ఉండడం గమనింపదగిన విషయం.

1858 ఫిబ్రవరిలో మొలక్కా దీవులలో వాలెస్ చలిజ్వరంతో మంచం పట్టాడు. వణకుతూ దుప్పట్లు కప్పుకొని పడుకొన్న వేళ, ఏనాడో చదివిన మాల్థస్ గ్రంథం ఆయనకు స్ఫురించింది. పుట్టిన జీవులన్నీ బ్రతకవు. వ్యాధులు, శత్రువులు, కరువులు అనేకాన్ని తుడిచిపెడతాయి. అయితే బ్రతికేవి ఏవి? పరిస్థితులకు ఎక్కువగా అనువైనవే. అవే తమ లక్షణాలను సంతానానికి అందిస్తాయి. తరతరాలుగా ఈ ఎంపిక జరుగుతూ ఉంటే జాతి రూపమే మారిపోతుంది. జ్వరం తగ్గగానే ఈ ఆలోచనను వ్యాసంగా రాసి డార్విన్‌కు పంపాడు.

ఆ వ్యాసం జూన్‌లో డార్విన్ చేతికి అందింది. ఇరవై ఏళ్లుగా తాను మథిస్తున్న సిద్ధాంతమే అందులో ఉండడం చూసి డార్విన్ నిశ్చేష్టుడయ్యాడు. ఆయన మిత్రులైన లయెల్, హూకర్ ఇద్దరి రచనలనూ కలిపి 1858 జులై 1న లండన్ లినియన్ సొసైటీ సభలో చదివించారు. ఆ సంగతి వాలెస్‌కు ముందుగా తెలియదు. సుదూర ద్వీపంలో ఉన్న ఆయనను సంప్రదించే వ్యవధి కూడా వారు తీసుకోలేదు. 1859 నవంబరులో వెలువడిన గ్రంథంతో డార్విన్ కీర్తి లోకమంతా వ్యాపించింది. తనకు అన్యాయం జరిగిందని వాలెస్ ఎన్నడూ వాపోలేదు. తన మలయ యాత్రాగ్రంథాన్ని 1869లో డార్విన్‌కే అంకితం చేశాడు. సిద్ధాంతాన్ని గురించి తాను రాసిన గ్రంథానికి డార్వినిజం అనే పేరే పెట్టాడు.

ఈ సిద్ధాంతానికి ప్రత్యక్ష సాక్ష్యం ఏది అన్న ప్రశ్న వచ్చినప్పుడు సీతాకోకచిలుకలు ముందుకు వచ్చాయి. బ్రెజిల్‌లో పదకొండేళ్లు గడిపి వచ్చిన బేట్స్, అక్కడి చేదు సీతాకోకచిలుకలను పోలిన చేదులేని జాతులను గుర్తించి, 1861లో లినియన్ సొసైటీ సభలో అనుకరణ సిద్ధాంతాన్ని వివరించాడు. పక్షి చేదుదానిని గుర్తుంచుకొంటుంది. దానికి కొంచెం పోలిక ఉన్నదాన్ని కూడా వదిలివేస్తుంది. పోలిక ఎక్కువ ఉన్నకొద్దీ బ్రతికే అవకాశం పెరుగుతుంది. అలా పక్షి చూపే శిల్పియై రెక్కలమీది చిత్రాన్ని దిద్దుతుంది. లెస్టర్‌లో పెంకుపురుగులను ఏరిన ఇద్దరు పేద యువకులు ఈ విధంగా ఒకే ప్రశ్నకు చెరొక వైపునుండి సమాధానం తెచ్చారు.

వాలెస్ 1862లో స్వదేశానికి తిరిగివచ్చాడు. రెండు సజీవ స్వర్గపక్షులను వెంట తెస్తూ, దారిలో బొంబాయిలో ఒక వారం ఆగి, వాటికోసం అరటిపండ్లు సమకూర్చుకొన్నాడు. లండన్ చేరి తన పెట్టెలను విప్పి, తోకరెక్కల కుటుంబానికి చెందిన సీతాకోకచిలుకలను వరుసగా పేర్చి పరిశీలించసాగాడు. ఆ కుటుంబమంటే ఆయనకు ప్రాణం. 1859 ప్రారంభంలో బచాన్ ద్వీపంలో బంగారు వన్నె గల పెద్ద రెక్కల సీతాకోకచిలుకను వలలో పట్టినప్పుడు ఆయన గుండె వేగంగా కొట్టుకొని, మూర్ఛ వచ్చినంత పని అయిందనీ, ఆ రోజంతా తలనొప్పితో గడిపాడనీ ఆయన జీవితాన్ని ఎరిగినవారు చెప్పుకొంటారు. దాని గొంగళిపురుగు కూడా గాడిదగడప కుటుంబానికి చెందిన తీగలనే తింటుంది.

ఆ పరిశీలన ఫలితాలను ఆయన 1864 మార్చిలో లినియన్ సొసైటీకి సమర్పించాడు. వ్యాసం 1865లో అచ్చయింది. మన పెరటి కామన్ మార్మన్ అందులో ముఖ్యపాత్ర వహించింది. పూర్వం లినేయస్ దాని మగదానికొక పేరు, వేరు రూపం గల ఆడదానికొక పేరు పెట్టి, రెండు జాతులుగా లెక్కించాడు. క్రిమ్సన్ రోజ్‌ను పోలిన ఆడదానికి మరొకరు మూడవ పేరు పెట్టారు. ఇవన్నీ ఒకే జాతి అని వాలెస్ నిర్ణయించాడు. విషం గల జాతులను అనుకరించినవే ఆ రూపాలని వివరించాడు. ఆడవి గుడ్ల బరువుతో నెమ్మదిగా ఎగురుతాయనీ, గుడ్లు పెట్టేటప్పుడు ఆకులమీద ఎక్కువసేపు ఆగవలసి వస్తుందనీ, వాటి ప్రాణరక్షణ మీదనే జాతి మనుగడ ఆధారపడి ఉంటుందనీ, అందువల్లనే ఈ రక్షణ వాటికి ఎక్కువ అవసరమనీ తర్కించాడు. సుమత్రాలో చూసిన మరొక జాతిలో మగవానికి తోకలు లేకపోయినా, కొన్ని ఆడవానికి మాత్రం తోకలు ఉండి విషజాతి రూపాన్ని ధరించడం కూడా ఆయన ఉదాహరించాడు.

అనుకరణ సాగాలంటే ఒక నియమం తప్పనిసరి. మోసగించే రూపాలు అసలు విషజీవులకంటె తక్కువ సంఖ్యలో ఉండాలి. నకిలీ నాణేలు ఎక్కువైతే అసలు నాణెం విలువ పోయినట్లు, విషంలేనివి ఎక్కువైతే పక్షి భయం మాని అన్నింటినీ తినడం నేర్చుకొంటుంది. మన పొలం గట్టున పసిరికపిట్ట తీగమీద కూర్చొని కీటకాలను పట్టే తీరును గమనిస్తే, ఈ పరీక్ష ప్రతిదినమూ జరుగుతున్నదని తెలుస్తుంది. మనం మాత్రం ఆ పక్షికంటె నిదానంగా చూడవచ్చు. రోజ్ జాతుల దేహం ఎర్రగా ఉంటుంది. వాటిని అనుకరించే మార్మన్ ఆడదాని దేహం నల్లగానే ఉంటుంది. వేషం రెక్కలదే కాని దేహానిది కాదు.

ఈ వేషధారణ సీతాకోకచిలుకలకు మాత్రమే పరిమితం కాదు. తూర్పు హిమాలయాలు, ఈశాన్య భారతం, చైనా, తైవాన్, జపాన్ ప్రాంతాలలో ఎపికోపియా అనే శలభజాతులు ఉన్నాయి. 1841లో వెస్ట్‌వుడ్ అనే కీటక శాస్త్రజ్ఞుడు వీటికి ఆ పేరు పెట్టాడు. శలభాలు సాధారణంగా రాత్రి సంచరిస్తాయి. ఇవి పగటిపూట ఎగురుతాయి. నల్లని పొడవైన రెక్కలు, వెనుక రెక్కలకు తోకలు, అంచున ఎర్రని మచ్చలతో ఇవి బయాసా అనే విషపు తోకరెక్కల సీతాకోకచిలుకలను అచ్చుగా పోలి ఉంటాయి. బయాసా గొంగళిపురుగులు కూడా గాడిదగడప కుటుంబపు తీగలమీదనే పెరుగుతాయి. ఈ శలభాన్ని గుర్తించాలంటే తలమీది స్పర్శశృంగాలను చూడాలి. సీతాకోకచిలుక స్పర్శశృంగం చివర గుండ్రని ముడి ఉంటుంది. ఈ శలభానికి అది ఈకవలె ఉంటుంది. రెండు వేరు వంశాల జీవులకు ఒకే రూపం రావడం వాలెస్, బేట్స్ చెప్పిన నియమానికి బలమైన నిదర్శనం.

గొంగళిపురుగుల విషయంలో కూడా వాలెస్ ప్రతిభ వెల్లడైంది. కొన్ని గొంగళిపురుగులు దాగి ఉండక ప్రకాశవంతమైన రంగులతో ఎందుకు కనిపిస్తాయని డార్విన్ 1867లో ఆయనను అడిగాడు. గొంగళికి చర్మం సున్నితం. పక్షి ముక్కుతో పొడిస్తే చాలు, అది చేదని తెలిసేలోగానే ప్రాణం పోతుంది. కనుక తాను తినదగనిదని దూరంనుండే చాటుకోవలసి ఉంటుందని వాలెస్ సమాధానమిచ్చాడు. పక్షులకు ఆహారంగా పెట్టి చేసిన ప్రయోగాలు ఆయన ఊహను సమర్థించాయి. నేడు హెచ్చరిక వర్ణాలు అని పిలిచే సిద్ధాంతానికి అదే మూలం.

1866లో వాలెస్ ఆనీ మిట్టెన్‌ను వివాహమాడాడు. వారికి ముగ్గురు పిల్లలు కలిగారు. పెద్ద కుమారుడు 1874లో బాల్యంలోనే మరణించాడు. శాస్త్రలోకంలో ఎంత పేరు వచ్చినా ఆయనకు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. చేసిన పెట్టుబడులు నష్టపోయాయి. భూమి బల్లపరుపుగా ఉందని వాదించినవానితో 1870లో 500 పౌండ్ల పందెం కాచి, కాలువమీద కొలతలు వేసి భూమి గుండ్రంగా ఉందని నిరూపించాడు. కాని ఆ వ్యక్తి ఏళ్ల తరబడి చేసిన దూషణలవల్ల, వ్యాజ్యాలవల్ల మనశ్శాంతినీ ధనాన్నీ కోల్పోయాడు. పుస్తకాలు రాయడం, పరీక్షాపత్రాలు దిద్దడం ఆయన జీవనోపాధి. చివరకు డార్విన్ చొరవతో 1881లో ప్రభుత్వం ఏడాదికి 200 పౌండ్ల భృతి మంజూరు చేసింది. మరుసటి సంవత్సరం డార్విన్ మరణించినప్పుడు ఆయన శవపేటిక వెంట నడిచిన ప్రముఖులలో వాలెస్ ఒకడు.

మహనీయులు కూడా పొరబడతారు. ఆత్మలతో సంభాషించవచ్చునని వాలెస్ నమ్మాడు. మశూచి టీకాలను వ్యతిరేకించాడు. మానవుని బుద్ధి ప్రకృతి ఎంపికవల్ల మాత్రమే రాలేదని వాదించి డార్విన్‌ను నొప్పించాడు. ఈ విషయాలలో లోకం ఆయనతో ఏకీభవించలేదు. అయినా తనకు తోచినదానిని లాభనష్టాలు లెక్కించక చెప్పే ధైర్యం ఆయనది. భూమిలేని పేదల పక్షాన, శ్రామికుల పక్షాన నిలిచినది కూడా ఆ ధైర్యమే. 1908లో ఆయనకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ గౌరవం లభించింది. 1913 నవంబరు 7న, తొంభైయేళ్ల వయస్సులో, బ్రాడ్‌స్టన్‌లోని స్వగృహంలో ఆయన కన్నుమూశాడు.

ఆయన వదలివెళ్లిన ప్రశ్న ఒకటి శతాబ్దానికి పైగా నిలిచింది. ఒకే జాతి ఆడవానిలో ఇన్ని రూపాలు ఎలా వస్తాయి? 2014లో బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రానికి చెందిన కృష్ణమేఘ్ కుంటె, అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి ఆ రహస్యాన్ని ఛేదించాడు. కీటకాలలో ఆడ, మగ భేదాలను నియంత్రించే డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు కామన్ మార్మన్ రెక్కలమీది వేషాన్ని కూడా నిర్ణయిస్తుందని వారు కనుగొన్నారు. వాలెస్ కంటితో చూసి ఊహించినదాని లోతులను నూటయాభై ఏళ్ల తరువాత ఒక భారతీయుడు చూపడం విశేషం.

నేటికీ గుంటూరు సీమలో వానలు కురిసిన వెంటనే గట్లమీద గాడిదగడప చిగురిస్తుంది. ఎర్రని దేహం గల సీతాకోకచిలుక దానిని వెదకుతూ వస్తుంది. పెరటి కరివేపాకు మీదనుండి నల్లని దేహం గలది దాని వేషంలో బయలుదేరుతుంది. పత్తిని తినే పురుగును అదుపు చేయక రైతుకు గత్యంతరం లేదు. కాని కనిపించిన ప్రతి రెక్కనూ శత్రువుగా భావించి, పూలుపూచే గట్టుమీద కూడా మందు చల్లితే, పంటకు హాని చేయని జీవులూ, పురుగులను తినే పక్షులకు ఆధారమైన గట్లూ కలిసి నశిస్తాయి. ఏది హానికరమో ఏది కాదో తెలుసుకోవాలంటే నిలిచి చూడాలి. చదువు ఆగిపోయిన ఒక పేద బాలుడు, గొలుసు పట్టుకొని పొలాలు కొలుస్తూ నేర్చుకొన్నది ఆ చూడడమే. కాలిపోయిన ఓడనుండి ఆయన కాపాడుకొన్న అసలైన సంపద కూడా అదే.

కఠిన పదాలు – అర్థాలు

శలభం : రెక్కల పురుగు, సాధారణంగా రాత్రివేళ సంచరించేది
అనుకరణ : మరొకదాని రూపాన్ని పోలి ఉండడం
జ్ఞానతృష్ణ : తెలుసుకోవాలనే తీవ్రమైన కోరిక
నిశ్చేష్టుడు : కదలిక లేనివాడు, నివ్వెరపోయినవాడు
జలసంధి : రెండు భూభాగాల మధ్య ఉన్న సన్నని సముద్రభాగం
స్పర్శశృంగం : కీటకాల తలమీద ఉండే మీసంవంటి అవయవం
వ్యాజ్యం : న్యాయస్థానంలో నడిచే తగవు
భృతి : జీవనానికి ఇచ్చే ధనం

అభ్యాసం

1. వాలెస్ బాల్యం, విద్య ఎలా సాగాయో వివరించండి.
2. 1852లో హెలెన్ ఓడ ప్రయాణంలో వాలెస్‌కు కలిగిన నష్టాన్ని, ఆ తరువాత ఆయన చూపిన ధైర్యాన్ని తెలపండి.
3. కామన్ మార్మన్ ఆడవానికి అనుకరణ ఎందుకు అవసరమని వాలెస్ తర్కించాడు?
4. ఎపికోపియా శలభానికీ సీతాకోకచిలుకకూ గల తేడాను ఎలా గుర్తించవచ్చు?
5. డార్విన్ పట్ల వాలెస్ చూపిన ఔదార్యాన్ని మీ మాటలలో రాయండి.